వృషణాల సంచిలో రక్తనాళాల గడ్డ: డాప్లరా, ఎంఆర్‌ఐనా?
వృషణాల సంచిలో హీమాంజియోమా, అంటే క్యాన్సర్ కాని రక్తనాళాల గడ్డ, అరుదు. అందుకే చాలాసార్లు ముందు వేరికోసీల్ (వృషణాల సిరలు ఉబ్బడం) అనుకుంటారు. మొదట చేయించాల్సింది డాప్లర్ స్కానే (రక్తం ఎలా పారుతోందో చూపే అల్ట్రాసౌండ్): ఖర్చు తక్కువ, రేడియేషన్ ఉండదు. నిలబెట్టి, ఊపిరి బిగబట్టి ముక్కమంటారు. సిరల్లో రక్తం వెనక్కి తన్నితే వేరికోసీల్. అలా కాక, నొక్కితే అణిగే గడ్డలో రక్తం నింపాదిగా కదులుతూ, చిన్న సున్నపు రాళ్లు కనిపిస్తే హీమాంజియోమాని అనుమానించాలి.

ఎంఆర్‌ఐ ఖరీదే, ఆ గొట్టంలో పడుకోవాలంటే కొందరికి టెన్షన్ కూడా. కానీ గడ్డ తొడ వైపో, మలద్వారం వైపో ఎంతవరకు పాకిందో బాగా చూపేది అదే. ఆపరేషన్ ఆలోచన ఉంటే నా ఓటు దానికే.

గడ్డ వృషణం లోపలే ఉంటే మాత్రం క్యాన్సర్ కాదని ఈ రెండూ ఖాయంగా చెప్పలేవు, ఏఎఫ్‌పీ లాంటి, క్యాన్సర్ జాడ వెతికే రక్తపరీక్షలు నార్మల్‌గా వచ్చినా సరే. అప్పుడు ఆపరేషన్ మధ్యలోనే ముక్క తీసి ఫ్రోజెన్ సెక్షన్‌కి (గడ్డకట్టించి అప్పటికప్పుడే మైక్రోస్కోప్‌లో చూసే పరీక్షకి) పంపుతారు. హీమాంజియోమా అని తేలితే చాలాసార్లు వృషణం దక్కుతుంది.