నెల్లూరులో ‘జీన్ చేపలు’ కొనేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

ఇంట్లో అక్వేరియం ఉన్నవాళ్లు ఇది చదవండి. గులాబీ, ఆకుపచ్చ రంగుల్లో మెరిసే చేపల్ని చూపించి, ‘జీన్ చేప సార్, సింగపూర్ రకం, రంగు పోనే పోదు’ అంటూ అమ్ముతున్నారు. అంటే జన్యువు మార్చి, పుట్టుకతోనే రంగు వచ్చేలా చేసిన చేపట. మా పాప ముచ్చటపడిందని ఊళ్లోనే ఒక షాపులో కొన్నాం. కొన్ని వారాలకే పొట్ట కింద రంగు వెలిసి బూడిదరంగు బయటపడింది. అక్వేరియంలోని నీలం లైటు ఆపేసి చూస్తే వీపు రెక్క పక్కన గుండుసూది తలంత గడ్డ. సూదితో రంగు ఎక్కించారన్నమాట! ఆ తర్వాత ఒక్కొక్కటే చచ్చి పైకి తేలాయి. షాపాయన్ని నిలదీస్తే, ‘మీ మున్సిపాలిటీ నీళ్లు పడలేదు సార్’ అన్నాడు. ఆయన తొట్టెల్లో ఉన్నవీ ఆ నీళ్లే. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద ‘కలర్ ఫిష్’ అని గీకిచ్చాడు.

అసలైన జీన్ చేప కథ వేరు. 1999లో సింగపూర్ నేషనల్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు జెల్లీ చేపను మెరిపించే జన్యువును జీబ్రా చేపలో పెట్టారు, నీటి కాలుష్యాన్ని పసిగట్టడం కోసం. 2003-04లో అమెరికాలో ఇలా జన్యువు మార్చిన జీబ్రా చేప అలంకార చేపగా అమ్మకానికొచ్చింది. ఆ రంగు పుట్టుకతో వస్తుంది, పిల్లలకూ వస్తుంది. సూదిపోట్లు లేవు కాబట్టి ఇదే నయం అంటారు కొందరు. కాదనలేను. అయినా మన కంటికి ఇంపుగా ఉండాలని ఒక ప్రాణి పుట్టుకనే మార్చేయడం నాకు మింగుడుపడదు. రేపు మొరగని కుక్కను తయారుచేస్తామంటారు. దానివల్ల కుక్కకు ఒరిగేదేంటి?

మన దేశంలో జన్యువు మార్చిన జీవిని దిగుమతి చేయాలన్నా, అమ్మాలన్నా 1989 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖలో ఇలాంటి జీవుల్ని పరిశీలించే కమిటీ జీఈఏసీ అనుమతి కావాలి. 2002లో జన్యువు మార్చిన బీటీ పత్తి కూడా ఆ కమిటీ ఒప్పుకున్నాకే వచ్చింది, ప్రకాశం పత్తి రైతుల్ని అడగండి. కాబట్టి అది నిజంగా జీన్ చేపే అయితే షాపాయన అనుమతి కాగితం చూపించాలి. కాకపోతే చెప్పింది పచ్చి అబద్ధం.

ఇంకోటి. పెంచే ఓపిక లేక వీటిని పెన్నా కాలవలోనో, నెల్లూరు చెరువులోనో వదలకండి. జీబ్రా చేప మన దేశపు వాగుల్లోదే, అసలైన జీన్ చేప సొంత జాతితో కలిస్తే ఆ జన్యువు బయటికి పాకుతుంది. బ్రెజిల్‌లో ఫారాల నుంచి తప్పించుకున్న జీన్ చేపలు వాగుల్లో గుడ్లు పెట్టి పెరుగుతున్నాయి.

కొనేముందు లైటు ఆపించి మామూలు వెలుతురులో చూడండి. బిల్లు మీద చేప పేరు రాయమనండి. రాయనంటే నాలుగు మామూలు గప్పీ చేపలు తీసుకుని వచ్చేయండి.