రెడింగ్‌లో మా విక్టోరియన్ ఇల్లు: కిటికీలు మార్చలేదు, బాగు చేయించాం

ఇంగ్లండ్‌లో ఇల్లు కొనబోయే తెలుగువాళ్లకు స్నేహితులు ముందుగా ఇచ్చే సలహా పాత ఇంటి జోలికి వెళ్లవద్దని. మేము వెళ్లాం. రెడింగ్ ఊరికి తూర్పు వైపు, ఒకప్పటి హంట్లీ అండ్ పామర్స్ బిస్కెట్ ఫ్యాక్టరీ ఉన్న చోటికి నడిచిపోయేంత దూరంలో, 1890ల్లో, అంటే విక్టోరియా రాణి కాలంలో, కట్టిన ఇల్లు మాది. ఎర్ర ఇటుకల మధ్య బూడిద రంగు ఇటుకల పట్టీలు, ముందు గదికి వీధిలోకి పొడుచుకు వచ్చిన మూడు కిటికీల గూడు, ప్రతి గదిలో ఒక చలిమంట పొయ్యి, తొమ్మిది అంగుళాల గట్టి గోడలు. చూడగానే మనసు పడేవి ఇవన్నీ. కొనేముందు ఇల్లు పరిశీలించిన సర్వేయరు నివేదికలో ఎర్ర గుర్తులు పడ్డవీ ఇవే.

ఇల్లంతా బాగు చేయించిన కథ చెబితే తెల్లవారుతుంది. కాబట్టి ప్రధానంగా కిటికీల పని చేసిన తండ్రీకొడుకుల గురించే రాస్తాను. ఇద్దరూ వడ్రంగులు. పాత సాష్ కిటికీలు, అంటే పైకీ కిందికీ జరిపి తెరిచేవి, తప్ప వేరే పని ముట్టుకోరు. చేతినిండా పని ఉందని, పేరు ఎక్కడా రాయవద్దని వాళ్లే కోరారు. మార్కులు ముందే చెప్పేస్తాను: పనితనానికి ఐదుకు ఐదు, శుభ్రతకు నాలుగు, చెప్పిన తేదీకి రావడానికి రెండు. ఆ రెండు కూడా పెద్దాయన నవ్వుముఖం చూసి వేసినవి.

వాళ్లకంటే ముందు ప్లాస్టిక్ కిటికీల కంపెనీ నుంచి ఒకతను వచ్చాడు. కిటికీ కింది చెక్కలో పెన్ను గుచ్చితే మూత దాకా దిగబడింది. "చూశారుగా, అన్నీ పుచ్చిపోయాయి" అన్నాడు. ఏడు కిటికీలకూ కలిపి 9,800 పౌండ్లు, ఆ రోజే సంతకం పెడితే 7,900. ఒక్క సాయంత్రంలో 1,900 తగ్గే ధర అసలు ధరే కాదని నాకు అనిపించింది. మావారికి మాత్రం తగ్గిన అంకె నచ్చింది. చలికాలంలో వెచ్చగా ఉంటుంది, రంగులు వేసే బాధ ఉండదు అన్నారు. అందులో అబద్ధం లేదు. కానీ ప్లాస్టిక్ కిటికీకి రెండు అద్దాల మధ్య బిగింపు వదిలి లోపల ఆవిరి పట్టిందంటే ఆ అద్దాల జత మొత్తం మార్చాల్సిందే, చట్రం వంకర తిరిగితే దాన్ని చిత్రిక పట్టి సరిచేసే వీలు లేదు.

పెద్దాయన వచ్చిన రోజు పెన్ను తీయలేదు. స్క్రూడ్రైవరుతో ప్రతి చెక్కనూ జానెడు దూరానికి ఒకసారి గుచ్చుకుంటూ పోయాడు. మెత్తగా దిగిన చోట సుద్దతో గీత పెట్టాడు. చివరికి చూస్తే గీతలు పడినవి వీధి వైపు రెండు కిటికీల కింది చెక్కలు, స్నానాల గది కిటికీ అడుగు పట్టీ, అంతే. మిగిలిన చెక్కంతా గట్టిగా ఉంది. కారణం కూడా చూపించాడు: పుచ్చు తీసేసిన చోట కోసిన ముక్కలో వలయాలు దగ్గర దగ్గరగా, గోటితో లెక్కపెట్టలేనంత సన్నగా ఉన్నాయి. ఆ రోజుల్లో బాల్టిక్ సముద్రం వైపు చలి అడవుల్లో నెమ్మదిగా పెరిగిన పైన్ దుంగలు ఓడల్లో వచ్చేవట. ఇప్పుడు తోటల్లో తొందరగా పెంచి కొట్టే పైన్‌లో వలయాలు ఎడంగా ఉంటాయి, నీరు తొందరగా పీలుస్తుంది. పాత చెక్క పారేసి కొత్త చెక్క పెట్టడం మెరుగుపరచడం అవుతుందా అని అడిగాడు. మావారు జవాబు చెప్పలేదు, టీ పెట్టడానికి లేచారు.

సాష్ కిటికీ చూడనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. రెండు అద్దపు చట్రాలు, ఒకటి ముందు, ఒకటి వెనక, పైకీ కిందికీ జరుగుతాయి. అటూ ఇటూ ఉన్న నిలువు చెక్కలు లోపల డొల్లగా ఉండే పెట్టెలు. వాటిలో పోత ఇనుప దిమ్మలు వేలాడుతుంటాయి, దిమ్మకూ అద్దపు చట్రానికీ మధ్య నూతి గిలక లాంటి చిన్న ఇత్తడి గిలక మీదుగా తాడు. ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లకు ఆ దిమ్మలు ఉన్నట్టే తెలియదు. తాడు తెగి దిమ్మ లోపల దభీమని పడితే తెలుస్తుంది.

విప్పడం దగ్గర నిలబడి చూశాను. మొదట, కిటికీకి లోపలి వైపున్న సన్నని పట్టీని వెడల్పు ఉలితో మధ్యలో కొద్దిగా ఎత్తి విల్లులా వంచి ఊడదీశారు. దాంతో కింది చట్రం ఒళ్లోకి వచ్చేసింది. రెండు చట్రాల మధ్య గాడిలో ఇంకో సన్న పట్టీ ఉంటుంది, దశాబ్దాల రంగు అతుక్కుపోయి అది దాదాపుగా ఎప్పుడూ విరుగుతుంది. మాదీ విరిగింది. తర్వాత పెట్టె అడుగున ఒక అరచేయంత చెక్క తలుపు. మొదటి నుంచీ మరమ్మతు కోసమే పెట్టిన తలుపు అది, మీద పడిన రంగు పొరల వల్ల మాకెవరికీ కనిపించలేదు. దాన్ని తీసి అబ్బాయి చెయ్యి లోపలికి పెట్టి తుప్పు పట్టిన దిమ్మలు రెండు బయటికి లాగాడు.

అసలు కిటుకు ఈ దిమ్మల లెక్కలో ఉంది. పై చట్రానికి కట్టే రెండు దిమ్మలు కలిపి ఆ చట్రంకంటే కాస్త బరువుండాలి, అప్పుడది పైకి లాగిపట్టి మూసుకుని ఉంటుంది. కింది చట్రానికి కట్టేవి కాస్త తేలికగా ఉండాలి, అప్పుడది కిందికి ఆని కూర్చుంటుంది. మా వెనక పడకగదిలో ఎప్పుడో పగిలిన అద్దం బదులు ఎవరో మందమైన అద్దం పెట్టించి దిమ్మల సంగతి వదిలేశారు. అందుకే ఆ కిటికీ తెరిస్తే నిలవక గిలటిన్‌లా పడేది, మేము కర్ర ముక్క ఆనించి వాడేవాళ్లం. పెద్దాయన చట్రాన్ని మేము మా బరువు చూసుకునే మిషను మీద నిలబెట్టి తూచి, దిమ్మలకు సీసపు ముక్కలు కలిపి సరిచేశాడు. ఇప్పుడు మా మూడేళ్ల బాబు వేలితో నెట్టినా పైకి పోతుంది. అది ఇంకో సమస్య కాబట్టి అదనంగా ఇత్తడి ఆపులు పెట్టించుకున్నాం, కిటికీ నాలుగు అంగుళాలకు మించి తెరుచుకోదు. పిల్లలున్న ఇళ్లవాళ్లు ఇది అడగడం మరిచిపోవద్దు.

పై చట్రం రెండు మూలల్లో కిందికి దిగి ఉండే చిన్న కొమ్ముల్లాంటి చెక్కలు అలంకారమని నేను అనుకునేదాన్ని. వాటికీ పని ఉంది. 1845లో అద్దం మీద పన్ను, 1851లో కిటికీల మీద పన్ను తీసేశాక జనం పెద్ద పెద్ద అద్దాలు పెట్టించుకోవడం మొదలుపెట్టారు. మధ్యలో అడ్డ పట్టీలు పోయాయి, అద్దం బరువు పెరిగింది, మూల అతుకులకు బలం చాలలేదు. ఆ అతుకు విడిపోకుండా చెక్కను కిందికి పొడిగించారు, అవే ఈ కొమ్ములు.

పుచ్చిన చోట్ల కుళ్లు కనిపించిన మేర కాకుండా ఇంకో అంగుళం లోపలి దాకా కోసి, ఏటవాలుగా కొత్త చెక్క అతికించారు. కిటికీల కింది చెక్కలకు ఓక్ కలప వాడారు. అతుకు ఎక్కడుందో రంగు వేశాక నేను చూపించలేను. కొత్త మధ్య పట్టీలకు బ్రష్ లాంటి కుచ్చు అమర్చి గాలి చొరబడకుండా చేశారు. రోడ్డు చప్పుడు సగానికి సగం తగ్గినట్టుంది, కర్టెను కదలడం ఆగిపోయింది.

వెచ్చదనం గురించి ఉన్నమాట చెప్పాలి. అద్దం ఒకటే కాబట్టి రెండద్దాల కిటికీ అంత వెచ్చగా ఉండదు. జనవరి తెల్లవారుజామున అద్దం మీద చెమ్మ పడుతుంది, తుడవాలి. పడకగదుల్లో లోపలి వైపు విడిగా ఇంకో అద్దం బిగించే పద్ధతి ఉంది, డబ్బు చేతికి వచ్చాక చేయిస్తాం. ఎండాకాలంలో మాత్రం ఈ కిటికీకి సాటి లేదు. పైన ఒక జానెడు, కింద ఒక జానెడు తెరిస్తే వేడిగాలి పైనుంచి పోతుంది, చల్లగాలి కిందనుంచి వస్తుంది.

ఖర్చు: కిటికీకి సగటున 780 పౌండ్లు, ఏడింటికి 5,460, కింది ఓక్ చెక్కలకు ఇంకో 640. వాళ్ల వ్యాపారం మొత్తం ఏడాదికి 90,000 పౌండ్ల వ్యాట్ పరిమితి లోపే కాబట్టి మా బిల్లులో వ్యాట్ లేదు. ఇదే పని పెద్ద కంపెనీ చేస్తే దాని మీద ఇరవై శాతం పడుతుంది, ధరలు పోల్చేటప్పుడు చూసుకోండి. కొత్త చెక్కతో, రెండద్దాలతో ఇలాంటివే చేయించడానికి వచ్చిన అంచనా 16,000 దాటింది.

ఇక ఫిర్యాదులు. ఈస్టర్ తర్వాత మొదలుపెడతామన్నవాళ్లు జూన్‌లో వచ్చారు. మధ్యలో వాన అని, వెనకటి పని పూర్తి కాలేదని సందేశాలు. ముందు గది కిటికీలు వర్క్‌షాపుకు తీసుకెళ్లి ప్లైవుడ్ కొట్టి వదిలిన వారంలో ఇల్లు గోదాములా ఉంది. ఫోను ఎత్తరు, సందేశానికి రాత్రి పదింటికి జవాబు వస్తుంది. శుభ్రతలో ఒక మార్కు తగ్గించింది మెట్ల మీద ఒకరోజు వదిలిన దుమ్ము కోసం. నా భయమంతా సీసం గురించి. బ్రిటన్‌లో సీసం కలిసిన రంగుల అమ్మకాన్ని 1992లో గాని సాధారణ వాడకానికి ఆపలేదు, ఇలాంటి ఇంట్లో అడుగు పొరల్లో అది ఉందనే అనుకోవాలి. మందుల షాపులో పనిచేసేదాన్ని, సీసం పిల్లల మెదడుకు ఏం చేస్తుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. అడిగిన వెంటనే వాళ్లు పరీక్ష చేశారు, సీసం ఉందని తేలింది. పొడిగా గీకడం మానేసి, చట్రాలు వర్క్‌షాపుకు తీసుకెళ్లి వేడి దీపం కింద రంగు మెత్తబరిచి తీశారు. పెట్టెలను మాత్రం ఇంట్లోనే తడిపి గీకాల్సి వచ్చింది. ఆ రోజులు బాబును స్నేహితుల ఇంట్లో ఉంచాం.

గోడల సంగతి క్లుప్తంగా. ముందు గదిలో కిటికీ కింద చెమ్మ. ఒక చెమ్మ నివారణ కంపెనీవాళ్లు రెండు సూదులుండే మీటరును గోడకు గుచ్చి, నేలలోంచి నీరు ఎక్కుతోందని, గోడకు రంధ్రాలు చేసి రసాయనం ఎక్కించి సిమెంటు పూయాలని 3,400 పౌండ్లు అడిగారు. ఆ మీటరు చెక్కలో తేమ కొలవడానికి చేసినది, గోడలో ఉప్పు ఉన్నా అంకె పెరిగి చూపుతుంది. అసలు కారణం బయట ఉంది: పాత యజమాని ముందు వాకిలికి కాంక్రీటు పోసి, ఇంటి కింద గాలి ఆడే జాలీ ఇటుకలను సగం దాకా కప్పేశాడు. కాంక్రీటు పగలగొట్టించి, కారుతున్న వాననీటి గొట్టం మార్పించి, లోపలి సిమెంటు పూత ఊడదీయించి సున్నం పూయించాం. ఇలాంటి గట్టి గోడ పీల్చిన తేమను మళ్లీ గాలికి వదలాలి, సిమెంటు దాన్ని వదలనివ్వదు.

సున్నం పూసే మేస్త్రి వచ్చినప్పుడు భీమవరం నుంచి వచ్చిన మా అత్తయ్యగారు ఇంట్లోనే ఉన్నారు. తడి గోడ మీద చెయ్యి వేసి, "గానుగ సున్నమేనా అమ్మాయ్? కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పోస్తున్నారా?" అని అడిగారు. ఆవిడ పుట్టింటి మండువా ఇంటి గోడలు అలా పూసినవే. ఇక్కడ అవేవీ వేయరు, బదులు మేక వెంట్రుకలు కలుపుతారు, పూత పగుళ్లు ఇవ్వకుండా. ఆ మాట వినగానే ఆవిడ ముఖం మారిపోయింది, దేవుడి పటాలు పెట్టబోయే గోడ అది. మేస్త్రిని అడిగితే వెంట్రుకలు కింది పూతల్లోనే గాని పైన నునుపు పూతలో ఉండవన్నాడు. "సరే, పైకి కనిపించేది శుద్ధంగా ఉంది కదా" అని ఆవిడ రాజీపడ్డారు. మూడు పూతలు, ఒక్కోదాని మధ్య వారానికి పైగా ఆరనివ్వడం. తొందరున్నవాళ్లకు ఇది పడదు. పైన ప్లాస్టిక్ రంగు వేస్తే చేసినదంతా వృథా, సున్నపు రంగో బంకమట్టి రంగో వేయాలి.

ఇంట్లో ఒక్క కిటికీ ఇప్పటికీ సతాయిస్తోంది. స్నానాల గది పై చట్రం వాన రోజుల్లో ఉబ్బి పట్టేస్తుంది. చెప్పాం, ఉచితంగానే చిత్రిక పడతామన్నారు, ఇంకా రాలేదు.

ఇలాంటి పనివాళ్లను పిలిచేటప్పుడు ప్రతి కిటికీకి లోపలి నుంచి ఒక ఫోటో, కింది చెక్క దగ్గరగా ఇంకోటి తీసి పంపితే అంచనా తొందరగా వస్తుంది. అడ్వాన్సు మా దగ్గర పది శాతమే తీసుకున్నారు, మిగిలింది కిటికీ కిటికీకి పూర్తయ్యాక. అంతకు మించి అడిగితే ఎందుకో అడగండి. ఇల్లు పరిరక్షణ ప్రాంతంలో, అంటే పాత కట్టడాల రూపు కాపాడే పేటలో, ఉంటే ప్లాస్టిక్ పెట్టే ముందు కౌన్సిల్‌ను అడగాలి, ఉన్నవి ఉన్నట్టు బాగు చేసుకోవడానికి మామూలుగా ఆ అవసరం రాదు. వేసవి తేదీలు జనవరిలోనే నిండిపోతాయి కాబట్టి సంక్రాంతి లోపే వాళ్లకు రాయండి.