పాలీమార్కెట్ ఏపీఐలు: ఏడాదికి పైగా వాడిన మీదట

పాలీమార్కెట్ అనేది జరగబోయే సంఘటనల ఫలితాల మీద డబ్బు పెట్టే ప్రిడిక్షన్ మార్కెట్ సైట్. దాని లిస్టింగులు, ధరలు ప్రోగ్రాంతో తీసుకోవడానికి మూడు ఏపీఐలు, అంటే మూడు దారులున్నాయి. ఏయే మార్కెట్లు ఉన్నాయో గామా ఏపీఐ చెబుతుంది. ఆర్డర్ బుక్ (కొనేవాళ్లు, అమ్మేవాళ్లు పెట్టిన ఆర్డర్ల పట్టిక), ధరల చరిత్ర క్లాబ్ ఏపీఐలో ఉంటాయి. జరిగిన ట్రేడ్లు డేటా ఏపీఐలో దొరుకుతాయి. వీటిని చదవడానికి ఖాతా గానీ కీ గానీ అక్కర్లేదు. ఏడాదికి పైగా రోజూ పైథాన్‌తో డేటా లాగి, పార్కే అనే రూపంలో ఉన్న ఫైళ్లలో దాచి, డక్‌డీబీ అనే డేటాబేస్‌లో క్వెరీలు రాస్తున్నాను. లిస్టింగుల వరకు పని హాయిగా సాగుతుంది. ధరల దగ్గరే జాగ్రత్త కావాలి, ఎందుకంటే ‘ధర’ అనే ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు అంకెలు ఉంటాయి.

ఒక మాట ముందే చెప్పాలి. ఇది డేటా చదివి అధ్యయనం చేసేవాళ్ల కోసం రాసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి నిషేధించాయి. 2025లో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. పందెం కాసే ఆలోచన ఉంటే దీని జోలికి రావద్దు.

గామాలో ఈవెంట్ వేరు, మార్కెట్ వేరు. అమెరికా ఫెడరల్ రిజర్వ్ వడ్డీ నిర్ణయం ఒక ఈవెంట్ అనుకుంటే, దాని కింద ‘మార్పు లేదు’, ‘25 బేసిస్ పాయింట్ల (0.25 శాతం) తగ్గింపు’ లాంటివి ఒక్కోటీ ఒక్కో మార్కెట్. ప్రతి మార్కెట్‌కూ అవును, కాదు అని రెండు టోకెన్లు (కొని అమ్ముకునే షేర్లు). గెలిచిన టోకెన్‌కు 1 డాలరు వస్తుంది, కాబట్టి 0.62 ధర అంటే 62 శాతం అని చదువుతాం. అన్ని ‘అవును’ ధరలూ కూడితే సరిగ్గా 1 రాదు, 1.01, 1.03 అలా తేలుతుంది. సంభావ్యతలుగా వాడాలంటే ఒక్కో ధరనూ ఆ మొత్తంతో భాగించాలి. అయితే ఇది ఒక్కటే గెలిచే ఈవెంట్లకు మాత్రమే చెల్లుతుంది. అలాంటి వాటికి నెగ్‌రిస్క్ అనే ఫీల్డ్ ట్రూ అని ఉంటుంది, ముందు అది చూసుకోండి. ‘మార్చిలోపు’, ‘జూన్‌లోపు’ అని గడువులు పేర్చిన ఈవెంట్లలో రెండు మూడు మార్కెట్లు కలిసి ‘అవును’ కావచ్చు. వాటిని మొత్తంతో భాగిస్తే వచ్చేది పనికిరాని అంకె.

నడుస్తున్న మార్కెట్లు మాత్రమే కావాలంటే యాక్టివ్ ట్రూ అని పెడితే సరిపోదు. ముగిసిన మార్కెట్లకూ ఆ గుర్తు అలాగే ఉండిపోతుంది. క్లోజ్డ్ ఫాల్స్ అని విడిగా చెప్పాలి. లిమిట్ (ఎన్ని వరుసలు), ఆఫ్‌సెట్ (ఎక్కడి నుంచి) లతో పేజీలు తిప్పేటప్పుడు వరుసక్రమం వాల్యూమ్ (జరిగిన ట్రేడింగ్ మొత్తం) మీద పెట్టకండి. మీరు మూడో పేజీలో ఉండగా వాల్యూమ్‌లు మారిపోతాయి, కొన్ని వరుసలు రెండుసార్లు వస్తాయి, కొన్ని అసలు రావు. ఐడీ మీద ఆరోహణ క్రమం పెడితే ఈ బాధ ఉండదు.

అవుట్‌కమ్స్, అవుట్‌కమ్ ప్రైసెస్, క్లాబ్ టోకెన్ ఐడీస్ అనే మూడు ఫీల్డులూ జాబితాల్లా కనిపిస్తాయి గానీ నిజానికి స్ట్రింగులు, అంటే ఉత్త టెక్స్ట్. ఏపీఐ పంపే జేసన్ డేటాను ఒకసారి విప్పాక వీటిని మళ్లీ విడిగా విప్పాలి. టోకెన్ ఐడీ 70కి పైగా అంకెలున్న సంఖ్య. ఎక్సెల్ 15 అంకెల దాకే ఉంచుకుంటుంది, మిగతావి సున్నాలు చేసేస్తుంది. ఫైలు తెరిచి సేవ్ చేసిన మరుక్షణం ఆ ఐడీలు పోయినట్టే. మొదటి నుంచీ చివరిదాకా దాన్ని టెక్స్ట్‌గానే ఉంచండి.

ఇక ధర. సైట్‌లో చూపించేది కొనుగోలు, అమ్మకం ధరల మధ్య అంకె. ఆ రెంటి మధ్య తేడా 10 సెంట్లు దాటితే మాత్రం చివరి ట్రేడ్ ధరను చూపిస్తారు. ఎవరూ పట్టించుకోని మార్కెట్‌లో ఆ చివరి ట్రేడ్ నిన్నటిది కావచ్చు, పోయిన వారానిదీ కావచ్చు. కొత్తగా పెట్టిన మార్కెట్‌లో బిడ్ (కొనేవాళ్లు ఇస్తామనే ధర) 0.01, ఆస్క్ (అమ్మేవాళ్లు అడిగే ధర) 0.99 ఉంటే మధ్య అంకె 0.50 వస్తుంది. అది ఎవరి అంచనా కాదు, ఖాళీ బుక్. అలాంటి వరుసలను సగటులో కలిపితే ఫలితమంతా 50 వైపు లాగుతుంది. అందుకే బిడ్, ఆస్క్, చివరి ట్రేడ్, తేడా ఈ నాలుగింటినీ నాలుగు కాలమ్‌లుగా దాస్తాను. తేడా 5 సెంట్లు దాటిన వరుసలను విశ్లేషణలోంచి తీసేస్తాను.

లోతు, అంటే ఒక్కో ధర దగ్గర ఎన్ని షేర్లు ఉన్నాయో కూడా చూడాలి. బిడ్ 0.58 ఉందనుకోండి. ఆస్క్ వైపు 0.62 దగ్గర 40 షేర్లు, 0.64 దగ్గర 100, 0.70 దగ్గర 500 ఉన్నాయి. లిస్టింగ్ ప్రకారం ధర 0.60. 300 షేర్లు కొనాలంటే 24.80, 64, 112 కలిపి 200.80 డాలర్లు అవుతుంది. అంటే షేరుకు దాదాపు 0.67. ఏడు సెంట్ల తేడా! రెండు మార్కెట్ల ధరలు పోల్చి ‘ఇక్కడ చవక’ అని రాసే ముందు ఈ కూడిక వేసుకోవాల్సిందే. బుక్ చదివేటప్పుడు మొదటి వరుసే మంచి ధర అనుకోకండి. బిడ్లలో గరిష్ఠం, ఆస్కులలో కనిష్ఠం మీరే తీసుకోండి.

ధరల చరిత్ర అడిగేటప్పుడు మార్కెట్ అనే పేరున్న పారామీటర్‌లో ఇవ్వాల్సింది టోకెన్ ఐడీ, కండిషన్ ఐడీ (మార్కెట్ మొత్తానికి ఉండే ఐడీ) కాదు. ఫిడెలిటీ (ఒక ధరకూ తర్వాతి ధరకూ మధ్య విరామం) నిమిషాల్లో, టైమ్‌స్టాంప్ సెకన్లలో, యూటీసీలో ఉంటాయి. రోజువారీ ధర తీస్తే ఆ ‘రోజు’ మనకు తెల్లవారుజామున 5:30కి ముగుస్తుంది. ముగిసిన మార్కెట్‌కు ఖాళీ జాబితా వస్తే ఫిడెలిటీ 720కి పెంచి చూడండి. నిమిషాల స్థాయి డేటా కావాలంటే మార్కెట్ నడుస్తుండగానే 10 నిమిషాలకోసారి మీరే దాచుకోవడం మేలు.

అంచనాలు ఎంత నిజమయ్యాయో కొలిచేవాళ్లు ఎండ్ డేట్‌ను ఫలితం తేలిన సమయంగా తీసుకోవద్దు. అది ప్రకటించిన గడువు మాత్రమే. ఫలితం అంతకు ముందే తెలిసిపోయి, గడువు నాటికి ధర 0.99 దగ్గర కూర్చుని ఉండవచ్చు. ‘గడువుకు ఒక రోజు ముందు ధర’ అని తీస్తే మార్కెట్ అద్భుతంగా ఊహించినట్టు కనిపిస్తుంది. ఫలితాన్ని యూమా అనే ఒరాకిల్‌లో (ఫలితం నిర్ధారించే వ్యవస్థలో) ప్రతిపాదించాక అభ్యంతరాలకు 2 గంటల వ్యవధి ఉంటుంది. అభ్యంతరం వస్తే మళ్లీ ఆలస్యం. ఫలితం 50-50గా తేలిన మార్కెట్లు కూడా ఉంటాయి, అవును, కాదు అనే రెండు గడులే పెట్టుకున్న టేబుల్లో అవి ఇమడవు.

మరో ప్రిడిక్షన్ మార్కెట్ అయిన అమెరికా సంస్థ కల్షీ డేటాతో కలిపి చూసేవాళ్లకు ఒక తేడా ముందే తెలియాలి. అక్కడి ఆర్డర్ బుక్‌లో రెండు వైపులా బిడ్లే ఇస్తారు. ‘కాదు’కు అత్యధిక బిడ్ 37 సెంట్లయితే ‘అవును’ ఆస్క్ 100 లోంచి 37 తీస్తే వచ్చే 63. ఇది చూసుకోకుండా రెండు బిడ్లనే పక్కపక్కన పెడితే, లేని లాభం కనిపిస్తుంది.