పెన్‌గంగ ఇవతలి ఒడ్డున ఆదిలాబాద్ రేడియో

మాది యవత్మాళ్ జిల్లా పాటన్‌బోరి. పెన్‌గంగ వంతెన దాటితే తెలంగాణ. నాది కుట్టుపని. పొద్దున దుకాణం తీయగానే పెట్టిన రేడియో షట్టర్ దించేదాకా మోగుతూనే ఉంటుంది. ఇన్నేళ్లలో ఎక్కువగా విన్నది ఆదిలాబాద్ ఆకాశవాణి, 100.2 ఎఫ్.ఎం. ఇంకా రేడియో ఎవరు వింటారని అడిగేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నాకు అన్నిటికన్నా నచ్చేది పాటకు ముందు చెప్పే నాలుగు ముక్కలు. చిత్రం ఏది, రాసిందెవరు, సంగీతం ఎవరిది, పాడిందెవరు. ఫోన్‌లో పాట పెట్టుకుంటే హీరో బొమ్మ కనిపిస్తుంది, రాసినాయన పేరు మాత్రం వెతుక్కోవాలి. మా పిల్లలు మరాఠీ బడిలో చదివారు, తెలుగు చదవడం రాదు. అయినా పల్లవి వినగానే ఫలానా కవి పాట అని చెప్పేస్తారు. అది రేడియో పెట్టిన భిక్షే. ఇంట్లో మాట్లాడే తెలుగులో లేని ఎన్నో మాటలు వాళ్లకు పాటల్లోంచే వచ్చాయి.

ఈ కేంద్రం 1986లో స్థానిక రేడియోగా మొదలైంది. చుట్టుపక్కల జనం కోసం పెట్టింది కాబట్టే సినిమా పాటలతో పాటు జానపదాలు, గోండీ కార్యక్రమం కూడా వస్తాయి. మా దుకాణానికి వచ్చేవాళ్లలో గోండులు చాలామంది. ఒకసారి జాకెట్టు కొలతలకు వచ్చిన ఒక పెద్దామె రేడియోలో గుమేల (గోండుల డోలు) దెబ్బ వినపడగానే టేపు పక్కకు నెట్టి స్టూలు మీద కూర్చుండిపోయింది. పాట అయ్యేదాకా కదల్లేదు. తర్వాత ఆమే నాకు గోండుల దండారీ పండుగ సంగతి చెప్పింది: దీపావళి రోజుల్లో ఊరి నుంచి ఊరికి ఎట్లా పోతారు, సన్నాయి లాంటి పెప్రె ఎప్పుడు ఊదుతారు అని. దండారీలో ఆడే గుస్సాడీ నాట్యానికి గురువైన కనకరాజుగారికి 2021లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు గుస్సాడీ అంటే ఏమిటని బయట చాలామంది అడిగారు. మా దుకాణంలో ఎవరూ అడగలేదు. ఆ పాటలకు ఇంకాస్త సమయం దొరికితే బాగుండునని మాత్రం ఎప్పుడూ అనిపిస్తుంది.

ఇక సిగ్నల్ మాట. ఎఫ్.ఎం. దాదాపు మన చూపు సాగినట్టే నేరుగా పోతుంది, అడ్డంగా గుట్ట వస్తే బలహీనపడుతుంది. డాబా మీద గంట కొట్టినట్టు వినపడేది, ఇనుప షట్టర్ వెనక్కి రాగానే గరగరలాడుతుంది. అది కేంద్రం తప్పు కాదు. మీడియం వేవ్‌లో నాగపూర్ ఆకాశవాణి (585 కిలోహెర్ట్జ్) పెడితే దూరం నుంచి కూడా వస్తుంది గానీ, ఎల్‌ఈడీ బల్బు వేస్తే చాలు రొద మొదలు. ఎఫ్.ఎం.లో ఆ బాధ చాలా తక్కువ. కొత్త ఫోన్లలో చాలావాటికి రేడియోనే ఉండదు. ఉన్నవాటికి ఇయర్‌ఫోన్ తీగే ఏరియల్, అది పెట్టకపోతే సరిగా పలకవు.

అందుకే చిన్న సెట్టయినా విడిగా కొనుక్కోమంటాను. కొనేముందు ఏరియల్ పూర్తిగా లాగి చూడండి. 100 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 3 మీటర్లు, అందులో నాలుగోవంతు 75 సెంటీమీటర్లు. ఏరియల్ ఆ పొడవుకు దగ్గరగా ఉంటే మంచిది. సెట్టును తలుపు దగ్గరో కిటికీలోనో పెట్టండి, గోడకున్న ఇనుప బీరువాకు ఆనించొద్దు. ఏరియల్ విరిగితే రిపేరు షాపులో అదొక్కటే మారుస్తారు, సెట్టు పారేయక్కర్లేదు.