లెక్కల గుర్తులకు ఏది మేలు: సింబల్ ఫాంటా, మ్యాథ్‌టైపా, యూనికోడా?

పరీక్షల సీజన్ వస్తే చాలు, పర్లాకిమిడి నుంచి గుణుపురం దాకా డీటీపీ చేసేవాళ్లంతా అడిగేది ఒకటే. పేజీలు పేర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో బాగానే కనిపించిన లెక్కల గుర్తులు ప్రెస్సుకెళ్లేసరికి ఎందుకు మారిపోతున్నాయి, సూత్రాలు కొట్టే మ్యాథ్‌టైప్ కొంటే సరిపోతుందా, పేజ్‌మేకర్ తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్‌కి మారాల్సిందేనా అని. మనవైపు ప్రశ్నపేపరంటే తెలుగుకి అను ఫాంట్లు, ఒడియాకి ఆకృతి, ఇంగ్లీషుకి టైమ్స్, వీటి మధ్యలో గుర్తుల కోసం సింబల్ ఫాంటు, అన్నీ ఒకే పేజీలో ఇరుక్కుంటాయి కాబట్టి ఈ తలనొప్పి మనకి కాస్త ఎక్కువే.

ముందు సింబల్ సంగతి. అందరూ వాడేది అదే, పైసా ఖర్చు లేదు, చెయ్యి అలవాటు పడిపోయింది. √5 ≤ π అని కొట్టామనుకోండి. పేజ్‌మేకర్ వరకు అక్కడ రూటూ లేదు, పై కూడా లేదు. ఫాంటులో ఒక్కో అక్షరానికీ ఒక నంబరు గడి ఉంటుంది; రూటు ఉన్న గడిలో నిజానికి ఉన్నది నెత్తిన రెండు చుక్కలున్న ఇంగ్లీషు ఓ, ≤ గడిలో పౌండు గుర్తు, π అయితే ఉత్త ఇంగ్లీషు చిన్న పి. సింబల్ ఫాంటు తగిలించి ఉన్నంతసేపే అవి లెక్కల వేషంలో ఉంటాయి. మాస్టారు ఫాంటు బాలేదన్నారని పేరా మొత్తం సెలెక్ట్ చేసి వేరే అను ఫాంటు వేశామా, అంతే, ఆ గళ్లలో అను ఏ తెలుగు ముక్క దాచుకుందో అది బయటికొస్తుంది. ప్రూఫ్ చూసేవాళ్లు దాన్ని పొరపాటున పడ్డ ఒత్తు అనుకుని కొట్టేస్తారు, దాంతో లెక్కలో గుర్తే ఉండదు. పిల్లలు హాల్లో కూర్చున్నాక గానీ ఎవరికీ తెలియదు.

అందుకే నా మటుకు నాకు తేల్చేది ధర కాదు, స్పీడూ కాదు. ఫాంటు పోయినా అక్కడున్న గుర్తేమిటో ఫైలుకి తెలిసుండాలి.

మ్యాథ్‌టైప్ ఇందులో సగం పాసవుతుంది. భిన్నాలు, మాత్రికలు, సమాకలనులు దాంతో వచ్చినంత పొందిగ్గా చేత్తో పేర్చడం మన వల్ల కాదు. కాకపోతే కాపీ కొట్టి పేజ్‌మేకర్‌లో పేస్ట్ చేస్తే వెళ్లే బొమ్మ మళ్లీ సింబల్, మ్యాథ్‌టైప్‌తో వచ్చే ఎంటీ ఎక్స్‌ట్రా ఫాంట్ల మీదే ఆధారపడుతుంది. ప్రెస్సు కంప్యూటర్లో ఎంటీ ఎక్స్‌ట్రా లేదా, మొదటికే మోసం. 2018 జనవరిలో మైక్రోసాఫ్ట్ భద్రతా కారణాలతో వర్డ్‌లోంచి పాత ఈక్వేషన్ ఎడిటర్ తీసేశాక ఆ పాత ఫైళ్లతోనూ ఇదే గొడవ. ఈపీఎస్‌గా (ప్రెస్సుకి పనికొచ్చే బొమ్మ ఫైలుగా) సేవ్ చేస్తే కొంత నయం, తర్వాత మళ్లీ మ్యాథ్‌టైప్‌లోనే తెరిచి దిద్దుకోవచ్చు. కానీ షాపుల్లో ఉండే మామూలు లేజర్ ప్రింటర్‌కి సాధారణంగా ఈపీఎస్‌ని చదివే పోస్ట్‌స్క్రిప్ట్ ఉండదు కాబట్టి ఈపీఎస్ బదులు దాని ప్రివ్యూ బొమ్మ మసకమసగ్గా పడుతుంది. పీడీఎఫ్ చేసి, దాన్నే ప్రింట్ ఇవ్వాలి.

ఇక ఇన్‌డిజైన్‌లో యూనికోడ్, అంటే ప్రతి అక్షరానికీ, గుర్తుకీ దానికంటూ ఒక సొంత నంబరు. ఇక్కడ ≤ అంటే ≤ నే. ఫాంటులో ఆ గుర్తు లేకపోతే గులాబీ రంగు డబ్బా చూపించి ముందే చెబుతుంది గానీ, నోరు మూసుకుని ఇంకో అక్షరం వేసెయ్యదు. నాకు ఇదే నచ్చింది. స్టిక్స్ టూ మ్యాథ్ అనే లెక్కల ఫాంటు ఉచితం, దింపుకోండి. పేరాగ్రాఫ్ స్టైల్లో గ్రెప్ స్టైల్ అని ఉంటుంది, మనం చెప్పిన గుర్తుల్ని వెతికి స్టైల్ వేసేది, అందులో [≤≥√π∞] అని బ్రాకెట్లలో ఖాళీ లేకుండా రాసి వాటికి స్టిక్స్ క్యారెక్టర్ స్టైల్ తగిలిస్తే పేరాకి ఏ ఫాంటు వేసినా ఆ గుర్తులు మాత్రం స్టిక్స్‌లోనే నిలబడతాయి. ఒక్క జాగ్రత్త: తెలుగు ఇంకా అనులోనే కొడుతుంటే ఆ జాబితాలో ×, ÷, ± పెట్టొద్దు. అవి 256 గళ్ల పాత (8 బిట్ల) పట్టికలోవే, ఆ గళ్లలో తెలుగు ముక్కలు కూర్చుని ఉండొచ్చు, గుర్తుల కోసం పోయి గుణింతాలు పాడవుతాయి. వాటికి చేత్తోనే స్టైల్ వెయ్యండి. తెలుగు కూడా యూనికోడ్ అయితే ఈ బాధే లేదు, ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కలిపే వరల్డ్ రెడీ కంపోజర్ ఆన్ చేసుకుంటే చాలు.

కోరెల్‌డ్రాలో అక్షరాల్ని కర్వ్స్ (ఉత్త గీతల బొమ్మ) చేసి పంపడం ఒక్క పేజీ పోస్టరుకి సరే, పుస్తకానికి వద్దు, దిద్దలేరు. కోడ్ రాసి పేజీలు పేర్చే లాటెక్‌లో లెక్కలు అందంగా వస్తాయి, అందులో వాదన లేదు, కానీ నేర్చుకున్న ఆపరేటర్ దొరకాలి కదా.

నేనైతే వరుసలో పట్టే గుర్తులన్నీ యూనికోడ్‌లో, అంతస్తులుగా పేర్చే సూత్రాలు మాత్రం మ్యాథ్‌టైప్ ఈపీఎస్‌లో చేస్తున్నాను. పాతపట్నం మాస్టర్లు పేజ్‌మేకర్ ఫైలే కావాలంటే సింబల్ తప్పదు, అప్పుడు ఫైలుతో పాటు పీడీఎఫ్ కూడా ఇవ్వండి. పీడీఎఫ్ తయారుచేసే డిస్టిలర్ సెట్టింగుల్లో నెవర్ ఎంబెడ్ (పీడీఎఫ్‌లో కలపొద్దన్న ఫాంట్ల) జాబితాలో సింబల్ ఉందేమో చూసి తీసెయ్యండి, పాత సెట్టింగుల్లో ఉంటుంది. అయ్యాక అక్రోబాట్‌లో డాక్యుమెంట్ ప్రాపర్టీస్ తెరిచి ఫాంట్స్ ట్యాబులో ప్రతి పేరు పక్కనా ఎంబెడెడ్ అని వచ్చిందో లేదో చూసుకున్నాకే ప్రెస్సుకి పంపండి.