1957 బెల్ ఎయిర్: పిల్లరున్న సెడానా, పిల్లర్ లేని స్పోర్ట్ సెడానా? ఏది మేలు?

అమెరికాలో అమ్మకానికొచ్చే నాలుగు తలుపుల 57 షెవ్రోలె బెల్ ఎయిర్‌లు రెండు రకాలు. తలుపుల మధ్య పైకప్పు దాకా పిల్లర్ ఉండేది మామూలు సెడాన్. అద్దాలన్నీ దించితే పక్క మొత్తం ఖాళీగా కనిపించేది స్పోర్ట్ సెడాన్. కొత్తలో ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజన్‌తో మొదటిది 2,390 డాలర్లు, రెండోది 2,464. తేడా 74 డాలర్లే. ఆ ఏడాది సెడాన్లు 2,54,331, స్పోర్ట్ సెడాన్లు 1,37,672 తయారయ్యాయి. ఇవాళ పిల్లర్ లేనిదానికి అడిగే అదనపు ధర అంతకు ఎన్నో రెట్లుంటుంది. వారానికోసారైనా కుటుంబంతో తిరగడానికి కొంటున్నవాళ్లకు పిల్లరున్నదే మేలు. స్పోర్ట్ సెడాన్ అందం కాదనలేనిది. కానీ దాని తలుపులు సరిగ్గా పడుతున్నాయంటేనే బేరానికి కూర్చోవాలి.

ఎందుకంటే స్పోర్ట్ సెడాన్‌లో వెనక తలుపు బరువంతా సగం ఎత్తున ఆగిపోయిన పొట్టి స్తంభం మీదే వేలాడుతుంది. దానికి పైకప్పు ఆసరా లేదు, పట్టంతా కింద గడపలోనూ ఫ్లోర్ రేకులోనూ ఉంది. అక్కడ తుప్పు పడితే స్తంభం వాలుతుంది, తలుపు జారుతుంది. చూడటం తేలికే. వెనక తలుపు సగం తెరిచి, చివర పట్టుకుని పైకి లేపండి. కీలు దగ్గర మాత్రమే కదిలితే పిన్నులూ బుష్‌లూ అరిగాయి, అది చిన్న పని. స్తంభమే ఊగితే అడుగు పోయింది. తర్వాత, అమ్మేవాళ్లు ఒప్పుకుంటే, ఒక ముందు చక్రం నేల వదిలేదాకా ఛాసిస్ కింద జాకీ వేసి అదే తలుపు మళ్లీ మూసి చూడండి. ఇంతకుముందు సాఫీగా పడిన తలుపు ఇప్పుడు రాసుకుంటే బాడీ పట్టు వదిలినట్టే. పిల్లరున్న కారులో ఇదే తుప్పు ఉన్నా పైకప్పు కొంత మోస్తుంది. పాడవదని కాదు, నిదానంగా పాడవుతుంది.

నీటి బాధ కూడా పిల్లర్ లేనిదానికే ఎక్కువ. ముందు అద్దం అంచు, వెనక అద్దం అంచు ఒకదానికొకటి రబ్బరుతో ఆనుకోవాలి. రబ్బరు ఎండినా, అద్దం పావు అంగుళం పక్కకు జరిగినా వాన లోపలికే. గొట్టంతో ఐదు నిమిషాలు నీళ్లు కొట్టి, కార్పెట్ ఎత్తి కింద తడి చూడండి.

తుప్పు మాత్రం రెండింటికీ ఒకేచోట: ముందు చక్రం వెనక ఫెండర్ అడుగు, గడపలు, ఫ్లోర్, డిక్కీ అడుగు, తలుపుల కింది అంచులు. పలుచని గుడ్డ చుట్టిన అయస్కాంతంతో తడమండి. అంటుకోనిచోట రంగు కింద పుట్టీ ఉంది. మంచు రోడ్ల మీద ఉప్పు చల్లే ఒహాయో, మిషిగన్ కార్ల కంటే అరిజోనా కారుకు సీట్లు చిరిగినా సరే మొగ్గు చూపండి. సీటు కుట్టించడం తేలిక. ఫ్లోర్ రేకులు కొత్తవి దొరుకుతాయి. కానీ కొత్తగా చేసే బాడీ భాగాల్లో ఎక్కువ రెండు తలుపుల కార్లవే. నాలుగు తలుపులవాటికి వెనక తలుపు కావాలంటే పాత సామాన్ల యార్డులే గతి, స్పోర్ట్ సెడాన్‌కైతే మరీ కష్టం.

ఇంజన్ సంగతి రెండో ప్రశ్న, ఎందుకంటే అది బాగుచేయించుకోగలిగేది. 235 ఘనపు అంగుళాల ఆరు సిలిండర్లది 140 గుర్రాలు; 283 వీ8 రెండు బ్యారెళ్ల కార్బురేటర్‌తో 185, నాలుగింటితో 220. ఊళ్లో తిరగడానికి సిక్స్ హాయిగా చాలు. డాలస్ ఎండలకు ఏసీ బిగించుకునే ఆలోచన ఉంటే వీ8 తీసుకోండి. ఆయిల్ ప్రెషర్‌కు డ్యాష్‌బోర్డులో ఉండేది ఎర్ర లైటు ఒక్కటే, కాబట్టి మీ మెకానిక్ చేత విడి గేజ్ పెట్టించి, ఇంజన్ బాగా వేడెక్కాక చూడండి.

గేర్‌బాక్స్ దగ్గర తొందరపడొద్దు. పవర్‌గ్లైడ్ అనే ఆటోమేటిక్‌లో గేర్ వరుస పీ, ఎన్, డీ, ఎల్ (లో గేర్), ఆర్. రివర్స్ చిట్టచివర, ఎల్ పక్కనే! కొత్త కార్ల అలవాటుతో లాగితే ప్రమాదం. చివర ఆర్ బదులు ‘జీఆర్’ అని కనిపిస్తే అది వీ8కు మాత్రమే ఇచ్చిన మరో ఆటోమేటిక్, టర్బోగ్లైడ్. దాన్ని రిపేరు చేసేవాళ్లూ, దాని సామాన్లూ అరుదు. వేరే గేర్‌బాక్స్ ఖర్చు ధరలోంచి తగ్గించి అడగండి.

‘మ్యాచింగ్ నంబర్స్’, అంటే కారుతో వచ్చిన అసలు ఇంజనే ఉందనే మాటకు 57లో విలువ తక్కువ. ఆ ఏడాది ఇంజన్ మీద కొట్టింది ఫ్యాక్టరీ, తేదీ, రకం కోడ్‌లే, కారు నంబరు కాదు. పనికొచ్చేది డ్రైవరు తలుపు కీళ్ల స్తంభం మీది ప్లేటు: వీసీ57తో మొదలైతే వీ8 బెల్ ఎయిర్, సీ57 అయితే సిక్స్. సీ బదులు బీ ఉంటే అది బెల్ ఎయిర్ కంటే చవకైన 210 మోడల్, బెల్ ఎయిర్ మెరుపు పట్టీలు తర్వాత తగిలించినవి. బానెట్ కింది బాడీ ప్లేటులో 1019డి అంటే సెడాన్, 1039డి అంటే స్పోర్ట్ సెడాన్.

ఏది కొన్నా బ్రేక్‌కు మాస్టర్ సిలిండర్ ఒక్క గదిదే. ఒక పైపు పగిలితే నాలుగు చక్రాలకూ బ్రేక్ పోతుంది. రెండు గదులది పెట్టించాకే హైవే ఎక్కండి. సీటు బెల్టులూ ఆ వరుసలోనే. నడుము బెల్టును ఫ్లోర్ కింద మందపాటి పలక వేసి రెండింట్లోనూ బిగించవచ్చు. భుజం బెల్టు పై కొసకు మాత్రం గట్టి ఆధారం కావాలి. సెడాన్‌లో ముందు సీట్లకు ఆ పిల్లర్ ఉంది, లోపల పలక వేసి బిగిస్తే సరి. స్పోర్ట్ సెడాన్‌లో అక్కడ ఉండేది గాలే.