వేసవిలో ఐసు ఆట: బొమ్మలు దాచిన గడ్డా, రంగు ముక్కలా?

మే నెల మధ్యాహ్నం పిల్లల్ని బయటికి పంపలేం, ఇంట్లో ఊరికే కూర్చోబెట్టలేం. ఫ్రీజర్‌లో కాస్త చోటుంటే ఈ రెండు ఆటలు ఆడించొచ్చు.

మొదటిది గడ్డ. స్టీలు గిన్నెలో సగం నీళ్లు పోసి గడ్డకట్టాక, ప్లాస్టిక్ జంతువుల బొమ్మలు పేర్చి మిగతా నీళ్లు పోయాలి. ఒకేసారి పోస్తే తేలికపాటి బొమ్మలు పైకి తేలతాయి. నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి కాబట్టి అంచుదాకా నింపొద్దు, గాజు గిన్నె అసలే వద్దు. రాత్రంతా ఉంచి, మర్నాడు వెడల్పాటి పళ్లెంలో బోర్లించి, చెంచా, గోరువెచ్చని నీళ్లు, కాస్త కల్లుప్పు ఇవ్వండి. ఉప్పు పడ్డచోట ఐసు గుంటలు పడుతూ కరుగుతుంది. ఏనుగు తొండం బయటపడగానే పిల్లలు వేసే కేక వినాలి! చేతికి గీతలుంటే మాత్రం ఉప్పు వద్దు, మండుతుంది.

రెండోది రంగు ముక్కలు. ఐసు ట్రేలో బీట్‌రూట్ రసం, పసుపు నీళ్లు పోసి, సగం గడ్డకట్టాక ఐస్‌క్రీం పుల్లలు గుచ్చితే, వాటితో మందపాటి కాగితం మీద బొమ్మలు వేయొచ్చు. తయారీ తేలికే కానీ మన ఎండకు చటుక్కున కరిగిపోతాయి. పసుపు మరక బట్టలకు వదలదు, పాత చొక్కా వేయండి.

మూడేళ్లు దాటినవాళ్లకు నా ఓటు గడ్డకే, ఆట చాలాసేపు సాగుతుంది. అంతకన్నా చిన్నవాళ్లకు చిన్న బొమ్మలు, ఐసు ముక్కలు రెండూ గొంతుకు అడ్డం పడే ప్రమాదముంది. పెద్ద గడ్డను ఊరికే తడమనివ్వండి, పక్కనే కూర్చోండి. ఫ్రీజర్‌లోంచి తీయగానే ఇవ్వొద్దు, చర్మానికి అతుక్కుంటుంది.